చలి ఒకవైపు, కరోనా ఒకవైపు: నైట్ షెల్టర్‌లో సేవకు వెళ్ళవచ్చా?

ప్రశ్న: చలికాలంలో నడిచే నిరాశ్రయుల షెల్టర్‌లో రాత్రి షిఫ్టుకు వాలంటీర్లు దొరకడం లేదని తెలిసింది. ఇంతకుముందు వచ్చేవాళ్ళలో పెద్దవయసువాళ్ళే ఎక్కువట, కరోనా భయంతో మానేశారు. నాకు 34 ఏళ్ళు. ఆరోగ్యం బాగానే ఉంది, టీకాలు వేయించుకున్నాను. వారానికి రెండు రాత్రులు వెళ్ళగలను. కానీ ఇంట్లో మా అత్తగారికి 68 ఏళ్ళు, షుగర్ ఉంది. నేను వెళ్ళి ఆవిడకు జబ్బు మోసుకొస్తానేమోనని మావారి భయం. పైగా అక్కడ ఏం చేయాలో, ఏం చేయకూడదో నాకేమీ తెలియదు. ఉత్సాహపడి వెళ్ళి వాళ్ళకే భారం కాకూడదు కదా. ఏం చేయమంటారు?
- ఒక పాఠకురాలు

జవాబు: వెళ్ళవచ్చు. అయితే ఏ పనికి, ఏ రోజుల్లో అన్నది మీ అత్తగారిని దృష్టిలో పెట్టుకుని ఎంచుకోవాలి. ఆ సంగతి చివర్లో చెబుతాం, ముందు షెల్టర్ సంగతి చూద్దాం.

వైరస్ సోకిన వాళ్ళందరికీ ప్రాణం మీదికి రాదు. గడ్డకట్టే చలిలో తడిబట్టలతో రాత్రంతా బయట పడుకున్న మనిషి మాత్రం తెల్లారేసరికి లేవకపోవచ్చు. అందుకని షెల్టర్‌లో ఏ జాగ్రత్త పెట్టినా ముందు ఒకటి అడగాలి: దీనివల్ల ఎవరైనా తిరిగి చలిలోకి పోవాల్సి వస్తుందా? వస్తుందంటే ఆ జాగ్రత్తను ఇంకోలా అమర్చుకోవాలి. కింద చెప్పేదంతా దీని చుట్టూ తిరిగేదే.

పేరు ఇచ్చేముందు నిర్వాహకులకు ఫోన్ చేయండి. పడకల మధ్య దూరం ఎంత, గాలి ఎలా వస్తుంది, వాలంటీర్లకు ఏ మాస్కులు ఇస్తారు, రాత్రి ఎవరికైనా ఒంట్లో బాగాలేకపోతే ఎవరికి ఫోన్ చేయాలి, ఒక షిఫ్టులో ఎప్పుడూ ఒకే జట్టు ఉంటుందా, రోజుకొకరు మారుతుంటారా అని అడగండి. వీటన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న ఇంకొకటుంది: దగ్గుతూ వచ్చిన మనిషిని ఎక్కడ పడుకోబెడతారు? "అలాంటివాళ్ళను రానివ్వం" అన్నారంటే అక్కడ ప్రమాదం ఎక్కువని అర్థం. దగ్గు ఉందంటే బయటికి పంపేస్తారని ఒక్కరికి తెలిసినా సాయంత్రానికల్లా అందరికీ తెలిసిపోతుంది. ఆ తర్వాత ఎవరూ నిజం చెప్పరు. జ్వరం మాత్ర మింగి, దగ్గును కండువాలో దాచుకుని హాలు మధ్యలో పడుకుంటారు. "విడిగా ఒక గది ఉంది, దానికి వేరే మరుగుదొడ్డి ఉంది" అని చెప్పే చోట జబ్బున్నవాళ్ళు తామే చెబుతారు. గది లేకపోతే హాలులో ఒక మూలను పైనుంచి కిందదాకా ప్లాస్టిక్ పరదాతో వేరు చేసినా కొంత మేలే. గాలి ఆ మూల నుంచి బయటికి పోవాలి, హాలులోకి రాకూడదు.

తలుపు దగ్గర

మీకు మొదట అప్పగించేది బహుశా తలుపు దగ్గర పనే. చేతిలో ఒక నుదుటి థర్మామీటర్ పెడతారు. దాన్ని ఎక్కువగా నమ్మకండి. మూడు గంటలు చలిగాలిలో తిరిగివచ్చిన మనిషి నుదురు మంచుముద్దలా ఉంటుంది. లోపల 39 డిగ్రీల జ్వరం కాగిపోతున్నా పైన 35 చూపిస్తుంది. టోపీ తీయించి, 10 నుంచి 30 నిమిషాలు వెచ్చటి చోట కూర్చోబెట్టాకే చూడాలి. పరికరాన్ని కూడా తెరిచిన తలుపు దగ్గర బల్ల మీద వదిలేయకూడదు. 16 డిగ్రీల కంటే చల్లని చోట ఇవి తప్పు చెబుతాయి. ఇద్దరిని చూడటానికి మధ్య దాన్ని జేబులో ఉంచుకోండి.

ఎంత సరిగ్గా చూసినా జ్వరమొక్కటే వడపోత కాలేదు. 2020 ఏప్రిల్ మొదట్లో బోస్టన్‌లోని ఒక పెద్ద షెల్టర్‌లో లక్షణాలతో పనిలేకుండా 408 మందికి పరీక్ష చేస్తే 147 మందికి కరోనా ఉన్నట్టు తేలింది. వాళ్ళలో జ్వరం ఉన్నది నూటికి ఒక్కరి కంటే తక్కువ. దగ్గు ఉన్నవాళ్ళు నూటికి ఏడెనిమిది మందే. అంటే ఆ రోజు తలుపు దగ్గర ఎంత శ్రద్ధగా థర్మామీటర్ పట్టుకుని నిలబడినా దాదాపు అందరూ లోపలికి వచ్చేసేవాళ్ళే. కాబట్టి లోపలికి వచ్చిన ప్రతి ఒక్కరికీ, మీతో సహా, జబ్బు ఉండవచ్చన్న లెక్కతోనే హాలును సర్దాలి.

ప్రశ్నలు మాత్రం అడగాలి, కానీ వరుసలో అందరికీ వినబడేలా కాదు. ఒక పక్కకు పిలిచి అడగండి. "దగ్గు ఉందా?" అంటే సగం మంది ఉందనే అంటారు. పొగతాగేవాళ్ళకు, ఏళ్ళతరబడి ఆరుబయట పడుకున్నవాళ్ళకు దగ్గు ఎప్పుడూ ఉంటుంది. "రోజూ ఉండేదేనా, ఈ రెండు మూడు రోజుల్లో ఏమైనా మారిందా?" అని అడిగితే పనికొచ్చే జవాబు వస్తుంది. ఒళ్ళునొప్పులు, వాసన తెలియకపోవడం, విరేచనాలు, నాలుగడుగులకే ఆయాసం కూడా అడగండి. రెండు మూడు వారాలు దాటిన దగ్గు, బరువు తగ్గడం, రాత్రిళ్ళు చెమటలు అని చెబితే అది క్షయ కావచ్చు. కరోనా మీదే ధ్యాస పెడితే దాన్ని మర్చిపోవడం తేలిక. ఆ మనిషికీ విడిగానే పడక వేయించి, పొద్దున్నే వైద్య సిబ్బందికి చెప్పండి.

మాస్క్ మీ గొంతును అణిచేస్తుంది, పెదాలు కనిపించవు. వినికిడి తగ్గిన పెద్దవాళ్ళు అంతకాలం పెదాల కదలిక చూసే అర్థం చేసుకుంటూ ఉండి ఉంటారు. గట్టిగా అరవకండి, కోపంగా వినిపిస్తుంది, తుంపరలూ ఎక్కువ పడతాయి. నిదానంగా, చిన్న మాటలతో చెప్పండి. ముఖ్యమైనవి, అంటే పడక నంబరు, భోజనం వేళ, మరుగుదొడ్డి ఎటు అన్నది, పెద్ద అక్షరాలతో అట్ట మీద రాసి చూపించండి. చదవడం రానివాళ్ళకు బొమ్మ వేయండి.

రిజిస్టరులో పేరు, పడక నంబరు, వచ్చిన వేళ రాయాలి. గుర్తింపు కార్డు అడగొద్దు. కార్డు లేదని సిగ్గుపడి వెనక్కి తిరిగిపోయేవాళ్ళున్నారు. అసలు పేరు చెప్పకపోయినా ఫర్వాలేదు, నలుగురూ పిలిచే పేరు చాలు. తర్వాత ఎవరికైనా జబ్బు తేలితే అటూఇటూ పడకల్లో ఎవరు పడుకున్నారో తెలియడానికే ఈ రాత. అందుకని ఏ మనిషికి ఏ పడక ఇచ్చారో రోజూ అదే ఇవ్వాలి. రాత్రికో పడక మార్చితే రిజిస్టరు ఎందుకూ కొరగాదు.

పడకలు, గాలి

పడకకూ పడకకూ మధ్య ఆరడుగులు ఉండాలంటే హాలు ఎంత చిన్నదైపోతుందో చూడండి. 40 అడుగుల పొడవు, 26 అడుగుల వెడల్పు హాలు అనుకుందాం. ఆరున్నర అడుగుల పొడవు, రెండున్నర అడుగుల వెడల్పు మంచాలు. మామూలు రోజుల్లో మూడడుగుల సందు వదిలి వేస్తే వరుసకు ఏడు, మూడు వరుసలు, మొత్తం 21. ఆరడుగులు వదిలితే వరుసకు ఐదే, వరుసలు రెండే. అంటే పది. మిగతా 11 మంది ఏమవుతారు? ఈ లెక్క చలికాలం మొదలుకాకముందే వేసి రెండో హాలో, ఖాళీ హోటల్ గదులో చూసుకోవాల్సింది నిర్వాహకులే. వాలంటీరుగా మీరు ఆ పక్క చోటు ఫోన్ నంబరు, అక్కడికి ఎలా వెళ్ళాలి, చివరి పడక ఎన్నింటిదాకా ఆపుతారు అన్నవి చేతిలో ఉంచుకోవాలి. "ఇక్కడ నిండిపోయింది" అనే మాట ఒక్కటే చెప్పి తలుపు వేయకూడదు. వేరే చోటు ఖాయమై, బండి వచ్చేదాకా లోపల కూర్చోనివ్వాలి.

మంచాలను ఒకటి విడిచి ఒకటి తలకిందులుగా, అంటే ఒకరి తల పక్కన ఇంకొకరి కాళ్ళు వచ్చేలా వేస్తే ముఖాల మధ్య దూరం ఇంకా పెరుగుతుంది. నేల మీద రంగు టేపుతో మంచం నాలుగు కాళ్ళ గుర్తులు పెట్టండి. ఎందుకంటే మంచాలు రాత్రిపూట నడుస్తాయి. పదకొండింటికి సరిగ్గా ఉన్నవి తెల్లవారుజామున చూస్తే గోడవైపు గుంపుగా చేరి ఉంటాయి. గోడకు హీటరు ఉంటుంది, లేదా ఫోన్ ఛార్జింగ్ పెట్టుకునే ప్లగ్గు ఉంటుంది. దిక్కులేని మనిషికి ఆ ఫోనే అంతా. దాన్ని కంటికి కనబడనంత దూరంలో వదిలి నిద్రపోమంటే పోరు. ప్రతి పడకకూ అందేలా ఎక్స్‌టెన్షన్ బోర్డు వేసి, తీగను కాలికి తగలకుండా గోడ వెంట టేపుతో అంటించండి. అప్పుడు మంచాలు ఉన్నచోటే ఉంటాయి. బయట ఒకే చోట కలిసి ఉండే భార్యాభర్తలను, స్నేహితులను లోపల విడదీయకండి. వాళ్ళు ఎలాగూ ఒకే గాలి పీలుస్తున్నారు. ఇద్దరి మంచాలూ పక్కపక్కన వేసి, చుట్టూ మాత్రం ఆరడుగులు వదలండి.

దూరం కంటే గాలి ముఖ్యం. నిద్రపోయేటప్పుడు ఎవరికీ మాస్క్ ఉండదు, ఉండకూడదు కూడా. ఎనిమిది గంటలపాటు అందరూ వదిలిన గాలి హాలులో పేరుకుంటుంది. గంటకు కనీసం ఐదుసార్లు గాలి పూర్తిగా మారేంత శుభ్రమైన గాలి అందాలన్నది పెట్టుకోవాల్సిన కొలత. మన హాలుకు పది అడుగుల ఎత్తు అనుకుంటే 10,400 ఘనపుటడుగులు. దాన్ని ఐదుతో హెచ్చించి 60తో భాగిస్తే నిమిషానికి దాదాపు 870 ఘనపుటడుగులు. ఇందులో కొంత కిటికీల నుంచి రావచ్చు, మిగతాది హెపా ఫిల్టరు (చాలా సన్నటి కణాలను కూడా పట్టేసేది) ఉన్న గాలిని శుభ్రం చేసే యంత్రాలు ఇవ్వాలి. కిటికీలన్నీ మూసేస్తే నిమిషానికి 300 ఘనపుటడుగుల శుభ్రమైన గాలి ఇచ్చేవి మూడు కావాలి. కానీ పెట్టె మీద రాసే ఆ 300 అనే అంకె ఫుల్ స్పీడుకు సంబంధించినది. ఫుల్ స్పీడులో అది హోరుమంటుంది. నిద్రపట్టని ఎవరో ఒకరు లేచి ఆపేస్తారు, వాళ్ళ తప్పేమీ లేదు. మూడింటిని హోరుగా నడపడం కంటే ఐదారింటిని మెల్లగా నడపడం మేలు. అంత డబ్బు లేకపోతే 20 అంగుళాల బాక్స్ ఫ్యానుకు నాలుగైదు మెర్వ్-13 రకం (సన్నటి కణాలను బాగా వడకట్టే) ఫిల్టర్లను పెట్టెలా అమర్చి, అతుకులన్నీ టేపుతో మూసి తయారుచేసుకోవచ్చు. ఫిల్టరు అంచున ఉన్న బాణం గుర్తు పెట్టె లోపలివైపు చూడాలి. ఇక్కడే చాలామంది తిరగేసి పెడతారు.

కిటికీలు తెరిస్తే చలి కదా అంటారు. బయట ఎంత చల్లగా, లోపల ఎంత వెచ్చగా ఉంటే గాలి అంత వేగంగా మారుతుంది. వేడిగాలి పైనుంచి పోతుంటే చల్లగాలి కిందినుంచి తోసుకొస్తుంది. కాబట్టి చలికాలంలో రెండు మూడు వేళ్ళ సందు చాలు, కానీ ఎదురెదురు గోడల్లో, వీలైతే ఒకటి ఎత్తులో ఉండాలి. అందరూ మరో గదిలో భోజనం చేస్తున్నప్పుడు ఓ పది నిమిషాలు కిటికీలు బార్లా తెరిచి మూసేస్తే గాలి మారుతుంది, గోడల వెచ్చదనం మిగులుతుంది. కిటికీ పక్కన పడుకున్నవాళ్ళు అర్ధరాత్రి లేచి మూసేస్తారు. మళ్ళీ తెరిచి వాదించకండి, మంచాన్ని పక్కకు జరిపి ఇంకో కంబళి ఇవ్వండి. కార్బన్ డయాక్సైడ్ మీటరు ఒకటి హాలు మధ్యలో, మనుషుల ముఖాలకు ఐదారడుగుల దూరంలో పెట్టండి. బయటిగాలిలో దాదాపు 420 పీపీఎం (పది లక్షల భాగాల్లో 420) ఉంటుంది. లోపల 800 దాటుతుంటే సందు పెంచాల్సిందే. ఒక్కటి గుర్తుంచుకోండి: ఫిల్టరు యంత్రం వైరస్‌ను పడుతుంది గానీ ఈ అంకెను తగ్గించదు.

వెచ్చదనం కోసం హాలులో బొగ్గుల కుంపటి, పొగగొట్టం లేని గ్యాసు పొయ్యి పెట్టడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ ఒప్పుకోకండి. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా లేవు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. తలనొప్పి, వికారం ఒకేసారి ముగ్గురు నలుగురికి వచ్చాయంటే అది వైరస్ అనుకోకుండా ముందు అందరినీ బయటి గాలిలోకి తీసుకురండి.

మాస్కు, మీ విరామం

మీరు ఎన్95 గానీ దానికి సమానమైనది గానీ పెట్టుకోండి. ముందు కవాటం (వాల్వ్) ఉన్నది వద్దు, మీరు వదిలే గాలి వడకట్టకుండానే బయటికి పోతుంది. పెట్టుకున్నాక రెండు చేతులూ చుట్టూ కప్పి గట్టిగా ఊదండి. కళ్ళద్దాల కింద గాలి తగిలిందంటే ముక్కు దగ్గర పట్టీ సరిగా నొక్కలేదు. గడ్డం ఉన్న మగవాళ్ళకు ఇది ముఖానికి అతుక్కోదు, జట్టులో ఉంటే చెప్పండి. చలిలో బయటికీ లోపలికీ తిరిగితే మాస్క్ లోపల చెమ్మ చేరుతుంది. తడిసింది మార్చాలి, కాబట్టి ఒక షిఫ్టుకు మూడు దగ్గర పెట్టుకోండి.

మీకు జబ్బు అంటుకునే చోటు చాలాసార్లు హాలు కాదు, వాలంటీర్ల గది. నాలుగు గంటలు జాగ్రత్తగా ఉన్నవాళ్ళంతా ఇరుకు గదిలో ఒకేసారి మాస్కులు తీసి, వేడిగా ఏదో తాగుతూ కబుర్లలో పడతారు. ఒకరి తర్వాత ఒకరు తినండి, లేదా బయట నిలబడి తాగండి. షిఫ్టు మారేటప్పుడు అప్పగింతలు కూడా వరండాలోనే చేసుకోండి.

బసకు వచ్చినవాళ్ళకు రోజూ తలుపు దగ్గరే కొత్త మాస్క్ ఇవ్వండి. పెట్టుకోనని ఎవరైనా మొండికేస్తే ముఖంలో ముఖం పెట్టి వాదించకండి. ఊపిరాడనట్టు అనిపించే భయం కొందరికి నిజంగానే ఉంటుంది. కిటికీ దగ్గరి పడక ఇచ్చి, తర్వాత మెల్లగా మళ్ళీ అడగండి.

శుభ్రం చేయడానికి జనం పెట్టే శ్రమలో సగం గాలి మీద పెడితే మేలు జరుగుతుంది. అయినా చేయాల్సినవి ఉన్నాయి. తలుపు పిడులు, కొళాయిలు, ప్లగ్గులు, మరుగుదొడ్డి గొలుసు ముందు సబ్బునీళ్ళతో తుడిచి, తర్వాత లీటరు చల్లనీళ్ళకు 5 శాతం బ్లీచ్ 20 మిల్లీలీటర్లు కలిపి తుడవండి. ఒక నిమిషం తడిగా ఉండనివ్వాలి. ఆ నీళ్ళు ఏ రోజుకారోజు కలుపుకోవాలి. మరుగుదొడ్డి యాసిడ్‌తో కలిస్తే విషవాయువు వస్తుంది. మనుషుల మీద చల్లడం ఎక్కడా, ఎప్పుడూ చేయకూడదు. శానిటైజర్ సీసాలను బల్లల మీద వదలకండి. మద్యానికి అలవాటుపడి ఆ రాత్రి అది దొరకని మనిషి వాటిని తాగే ప్రమాదం ఉంది. గోడకు బిగించినది పెట్టండి, లేదా మీరే చేతిలో వేయండి. దుప్పట్లను దులపకుండా మడిచి సంచీలో వేసి, వేడినీళ్ళలో ఉతికి పూర్తిగా ఆరబెట్టాలి.

వణుకు ఆగిపోతే

తలుపు దగ్గర మీ కళ్ళు జ్వరం కంటే ముందు వెతకాల్సింది చలికి ఒళ్ళు చల్లబడిపోయిన మనిషిని. ఒంటి వేడి 35 డిగ్రీల కంటే పడిపోతే ప్రాణాపాయం మొదలైనట్టే. మొదట గజగజ వణుకుతారు. చేతులు కొంకర్లు పోయి గుండీ విప్పుకోలేరు, సంచీ ముడి విప్పలేరు. మాట ముద్దముద్దగా వస్తుంది, నడక తూలుతుంది. చూసేవాళ్ళు తాగి వచ్చాడనుకుంటారు. అక్కడే మనుషులు పోయేది. నిజంగా తాగి ఉన్నా సరే, మద్యం చర్మంలోకి రక్తాన్ని తోసి వేడిగా ఉన్న భ్రమ కలిగిస్తూ లోపలి వేడిని త్వరగా పోగొడుతుంది. కాబట్టి తాగినవాళ్ళ విషయంలో ఇంకా జాగ్రత్తపడాలి. కాసేపటికి వణుకు ఆగి నిమ్మళంగా కనిపిస్తే కుదుటపడ్డాడని అనుకోకండి. వణికే శక్తి కూడా అయిపోయిందని అర్థం. థర్మామీటర్ "Lo" (మరీ తక్కువ) అని చూపిస్తే యంత్రం పాడైందని పక్కన పడేయకండి. మనిషిని చూడండి.

వణుకుతూ, తెలివిగా మాట్లాడుతుంటే లోపలికి తీసుకొచ్చి తడిబట్టలు తీయించి, ఒళ్ళు అద్ది తుడిచి, పొడిబట్టలు, కంబళి, టోపీ ఇవ్వండి. కింద కూడా ఏదైనా మందంగా పరవాలి, చల్లటి నేల వేడిని లాగేస్తుంది. వేడినీళ్ళ సీసాకు తువ్వాలు చుట్టి చంకల్లో, ఛాతీ మీద, గజ్జల్లో పెట్టండి. చేతులకూ కాళ్ళకూ ముందు వేడి పెట్టకూడదు. అక్కడి చల్లటి రక్తం ఒక్కసారిగా గుండెకు చేరుతుంది. సరిగా మింగగలిగితే తియ్యటి వేడి పానీయం గుక్కలు గుక్కలుగా ఇవ్వండి. చేతులు, కాళ్ళు రుద్దడం మనకు ఆనవాయితీగా వచ్చేసే పని. ఇక్కడ అది చేయకూడదు. మాట తడబడుతున్నా, వణుకు ఆగినా, మత్తుగా ఉన్నా వెంటనే అంబులెన్స్ పిలిచి, మనిషిని అడ్డంగా పడుకోబెట్టి కుదపకుండా ఉంచండి. చల్లబడిన గుండె చిన్న కుదుపుకే లయ తప్పవచ్చు. ఊపిరి ఉందో లేదో చూడటానికి నిమిషం దాకా ఆగి గమనించండి, చలిలో అది చాలా నెమ్మదిస్తుంది. నిజంగా లేదంటే నోరూ ముక్కూ పలచటి గుడ్డతో కప్పి, నిమిషానికి 100 నుంచి 120 సార్లు ఛాతీ నొక్కండి. నోటితో ఊదక్కర్లేదు.

కాలివేళ్ళు తెల్లగా మైనంలా గట్టిపడి ఉంటే అది చలిపుండు మొదలవడం. 37 నుంచి 39 డిగ్రీల నీళ్ళలో ముంచాలి. మోచేతితో చూస్తే గోరువెచ్చగా ఉండాలి. హీటరు దగ్గర పెట్టకండి, స్పర్శ లేని చర్మం కాలినా తెలియదు. ఆ రాత్రే మళ్ళీ చలిలోకి వెళ్ళే మనిషికి మాత్రం వేడి చేయకూడదు, కరిగి మళ్ళీ గడ్డకడితే వేలే పోతుంది. ఆ మనిషికి ఎలాగైనా పడక దొరకాల్సింది అందుకే.

ఒంట్లో బాగాలేక విడిగదిలో పడుకున్నవాళ్ళను గంటకోసారి చూడాలి. పల్స్ ఆక్సీమీటర్ (రక్తంలో ఆక్సిజన్ శాతం చూపేది) పెట్టేముందు వేలిని వెచ్చబరచండి. చల్లటి వేలు తక్కువ అంకె చూపిస్తుంది, నల్లటి చర్మం మీద కొన్నిసార్లు ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. 94 కంటే తగ్గితే డాక్టరుకు ఫోన్, 90 కంటే తగ్గితే అంబులెన్స్. అంకె బాగున్నా పెదాలు నీలిబారినా, వాక్యం మధ్యలో ఊపిరి తీసుకుంటున్నా ఆగకండి.

ఇంకొక ప్రమాదం గురించి తక్కువమంది చెబుతారు. రోజూ తాగే మనిషిని జబ్బు పేరుతో ఒక్కసారిగా గదిలో పెట్టేస్తే మద్యం ఆగిపోతుంది. ఆఖరిసారి తాగిన 6 నుంచి 48 గంటల్లోపు మూర్ఛలు రావచ్చు. రెండు మూడు రోజులకు చేతులు వణుకుతూ, చెమటలు పోస్తూ, లేనివి కనబడుతున్నాయంటే ప్రాణాపాయమే. అందుకే విడిగదిలోకి పంపేముందు "రోజూ తాగుతారా, ఆఖరిసారి ఎప్పుడు?" అని నెమ్మదిగా అడిగి రాసుకోండి. నిలదీస్తున్నట్టు ఉంటే అబద్ధం చెబుతారు. "మందు ఆగితే కొందరికి ఫిట్స్ వస్తాయి, డాక్టరుకు చెప్పాలని అడుగుతున్నాను" అంటే చెబుతారు.

ఇక మీ ఇంటి సంగతి

రాత్రి కాపలా అంటే మాస్క్ లేకుండా నిద్రపోతున్న పదిమంది మధ్య ఎనిమిది గంటలు. అన్నిటికంటే ఎక్కువ రిస్కు దానిదే. అందుకని మొదటి రెండు వారాలు తలుపు దగ్గర, సామాను సర్దడం, భోజనం పొట్లాలు కట్టడం లాంటి సాయంత్రం పనులు తీసుకోండి. అక్కడి గాలి, జట్టు, అలవాట్లు కళ్ళారా చూసి, నచ్చితేనే రాత్రికి మారండి. రాత్రి కూర్చునే బల్ల బయటిగాలి లోపలికి వచ్చే కిటికీ దగ్గర వేయించుకోండి. గాలి బయటికి పోయేవైపు కూర్చుంటే హాలు గాలంతా మీ మీదుగానే పోతుంది.

వారానికి రెండు రాత్రులన్నారు. మంగళవారం ఒకటి, శనివారం ఒకటి పెట్టుకోవద్దు. అలా చేస్తే చలికాలమంతా మీరు "ఇవాళ వైరస్ ఉందేమో" అనే స్థితిలోనే ఉంటారు, మీ అత్తగారికి ఒక్క నిశ్చింతైన రోజు ఉండదు. రెండు వారాలకోసారి రెండు మూడు రాత్రులు వరుసగా చేయండి. షెల్టర్‌కు కొన్ని రాత్రులు తగ్గుతాయి, కానీ చలికాలం చివరిదాకా మానకుండా వస్తారు. వచ్చాక మొదటి ఐదు రోజులు ఆవిడతో ఉన్న గదిలో మాస్క్ పెట్టుకుని, పడకా భోజనమూ విడిగా చేసుకోండి. ర్యాపిడ్ టెస్టు మర్నాడే చేసుకుంటే అర్థం లేదు. మూడో రోజున, ఐదో రోజున చేయండి. నెగెటివ్ వచ్చినా గొంతు గరగరలాడితే దాన్ని నమ్మకండి. షెల్టర్‌లో ఎవరికైనా జబ్బు తేలిందని ఫోన్ వస్తే, వాళ్ళకు ఆరడుగుల లోపల ఒక రోజులో మొత్తం 15 నిమిషాలు గడిపారేమో లెక్క చూసుకోండి. గడిపి ఉంటే ఆవిడ కొన్నాళ్ళు బంధువుల ఇంట్లో ఉండటం, లేదా మీరే విడిగా ఉండటం ముందే మాట్లాడి పెట్టుకోవాలి. ఆ ఏర్పాటు కుదరని ఇంట్లో రాత్రి షిఫ్టు మేము వద్దనే చెబుతాం. పడకలు దొరుకుతాయేమోనని ఫోన్లు చేయడం, కంబళ్ళు ఉతకడం, బండి నడపడం కూడా షెల్టర్‌కు అంతే అవసరం. అత్తగారికి కూడా టీకా వేయించండి. మీ ఆఖరి డోసు పడి రెండు వారాలు దాటాకే మొదటి షిఫ్టుకు వెళ్ళండి. ఆవిడనూ ఈ నిర్ణయంలో కూర్చోబెట్టి అడగండి. రిస్కు పడేది ఆవిడ కదా.

మొదటి రోజు సంచీలో మూడు మాస్కులు, విడిగా వేసుకుని విడిచేసే బట్టలు ఒక జత, తాగేనీళ్ళు, చిన్న టార్చి, పుస్తకం, పెన్ను పెట్టుకోండి. ఏదైనా పట్టుకెళ్ళి ఇవ్వాలనిపిస్తే మందపాటి మేజోళ్ళు ఇవ్వండి. పాత స్వెట్టర్లు షెల్టర్లకు గుట్టలుగా వస్తాయి, పొడి మేజోళ్ళు ఎప్పుడూ చాలవు. తడి మేజోళ్ళతో రెండు రోజులు నడిస్తే కాలు తెల్లగా నాని పుండుపడుతుంది. పెద్దసైజువి ఎక్కువ కొనండి, వాచిన కాళ్ళకు చిన్నవి ఎక్కవు. మీ ముఖం కనిపించే ఫొటో, పెద్ద అక్షరాల్లో మీ పేరు ఉన్న కార్డు మెడలో వేసుకోండి. మాస్క్ వెనక ఎవరున్నారో తెలియని మనిషితో ఎవరూ తమ కష్టం చెప్పుకోరు.

వెళ్ళాల్సిన రోజు పొద్దున ముక్కు కారినా, ఒళ్ళు వెచ్చబడినా మొహమాటపడి వెళ్ళకండి. మధ్యాహ్నం పన్నెండు లోపు ఫోన్ చేసి చెప్పండి. రాత్రి తొమ్మిదికి చెబితే మీ స్థానంలో వచ్చేవాళ్ళు దొరకరు. ఇద్దరు ఉండాల్సిన చోట ఒక్కరే ఉంటే చాలా చోట్ల నియమం ప్రకారం కొన్ని పడకలు మూసేయాల్సి వస్తుంది. మీలాగే శిక్షణ తీసుకున్న ఇంకొకరి నంబరు ముందే దగ్గర పెట్టుకుని, వాళ్ళు వస్తున్నారని ఖాయం చేసుకున్నాకే నిర్వాహకులకు ఫోన్ చేస్తే ఇంకా మంచిది.